మబ్బులో నీళ్ళు, ముంతలో నీళ్ళు

మా జిల్లాలో ఒక కథకుడు కొన్నేళ్ళ క్రితం చనిపోయాడు. పెద్ద పేరున్న రచయిత కాడు. నలభై ఏళ్ళపాటు బీడీ కార్మికుల మీద, చేనేతవాళ్ళ మీద, బడిపంతుళ్ళ మీద కథలు రాశాడు. పుస్తకం వెయ్యడానికి డబ్బు ఎన్నడూ కూడలేదు. సంస్మరణ సభలో సంపుటి వెయ్యాలని తీర్మానించాం. మనకు అలవాటైన జాప్యం వల్ల ఆ పని మొదలుపెట్టేసరికి రెండేళ్ళు దాటింది. వాళ్ళావిడ ఇనప ట్రంకుపెట్టె తెరిచి చూపించారు. అందులో 1980ల నాటి నోటుపుస్తకాలున్నాయి. అట్టలు చెద తిన్నది. కొన్ని పేజీల్లో సగం సగం మాటలే మిగిలాయి. అయినా నలుగురం ఓపిగ్గా కూర్చుని చదివితే కథలు దొరికాయి.

చివరి పదేళ్ళ కథలు మాత్రం ఆ పెట్టెలో లేవు. వాటిని ఆయన ఫోనులో రాసి ఒక కంపెనీ ఉచితంగా ఇచ్చిన ఖాతాలో దాచుకున్నాడు. "పెట్టెలో అయితే చెద పడుతుంది, అక్కడైతే ఏ భయమూ లేదు" అని ఇంట్లో అంటూ వుండేవాడట. పాస్‌వర్డ్ ఆయనతోనే పోయింది. కొడుకు కంపెనీకి రాశాడు, మరణ ధ్రువపత్రం పంపాడు. మనిషి రాశాడో యంత్రం రాసిందో తెలియని జవాబులు కొన్ని వచ్చాయి. చాలాకాలంగా వాడకంలో లేనందువల్ల ఖాతాను తొలగించామన్నది చివరి జవాబు.

చెదపురుగు తినగా మిగిలింది చదవగలిగాం. కంపెనీ దాచింది చదవలేకపోయాం. ఇది ఒక కుటుంబం దురదృష్టం అని సానుభూతి చూపించి వూరుకోవలసిన విషయం కాదు. ఈనాడు తెలుగులో రాస్తున్నవాళ్ళలో చాలామంది తమ రాతలన్నిటినీ ఇలాగే దాచుకుంటున్నారు. అందుచేత ఈ నమ్మకాన్ని పరీక్షించి చూడవలసిన అవసరం సాహిత్య విమర్శకు వుంది.

1

ముందుగా మాటను చూద్దాం. ఈ దాపరికానికి "క్లౌడ్" అని పేరు పెట్టారు. ఇంజనీర్లు తమ పటాల్లో, లోపల ఏం జరుగుతుందో ఇక్కడ అక్కర్లేదు అని చెప్పదలుచుకున్న చోట మబ్బు ఆకారం గీసేవారు. పటంలో అది కేవలం ఒక సౌకర్యం. వ్యాపారం ఆ గుర్తును అందుకుని సరుకు పేరుగా మార్చింది. "లోపలి సంగతి నీకక్కర్లేదు" అనే అర్థం మాత్రం ఆ పేరులో అలాగే మిగిలిపోయింది.

మబ్బు అంటే మన రైతు మనస్సులో ఏం మెదులుతుంది? అది ఎవరి సొత్తూ కాదు. ఎవరి పొలం మీద కురిసినా శిస్తు అడగదు. ఈ మబ్బు అటువంటిది కాదు. దీనికి యజమాని వున్నాడు. దీనికి పునాదిరాయి వుంది, ప్రహరీగోడ వుంది, కాపలావాడు వున్నాడు. కిటికీలు లేని పెద్ద పెద్ద షెడ్లలో వరసలు వరసలుగా నిలబెట్టిన యంత్రాలు, వాటిని తిప్పడానికి కరెంటు, కరెంటు పోతే ఆదుకోవడానికి బ్యాటరీలు, వేడెక్కకుండా చల్లబరిచే ఏర్పాట్లు – ఇదీ దాని భౌతిక స్వరూపం. ఇది ఎక్కడో అమెరికాలో వుందనుకోనక్కర్లేదు. అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను 2022 నవంబరులో హైదరాబాదులో ప్రారంభించింది. విశాఖపట్నంలో అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి గిగావాట్ స్థాయి డేటా కేంద్రం కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. నేల, నీరు, కరెంటు, కూలీల శ్రమ లేకుండా ఈ మబ్బు ఒక్క రోజు కూడా ఆకాశంలో నిలబడదు.

వస్తువుకు యజమాని వున్నప్పుడు ఆ వస్తువు భవిష్యత్తును నిర్ణయించేది యజమాని ప్రయోజనమే. మన రాతలు, మన ఫొటోలు, మన ఉత్తరాలు ఆ షెడ్లలో వున్నంతకాలం వాటికీ ఇదే వర్తిస్తుంది. పేరులో వున్న తేలికదనం ఈ సంబంధాన్ని కనపడకుండా చేస్తోంది.

2

ఇది వూరికే భయపెట్టడం అని కొందరు మిత్రులు అనవచ్చు. కాబట్టి జరిగిన సంగతులు చూద్దాం.

మొదటిది ప్రమాదం. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే కంపెనీకి చెందిన అయిదంతస్తుల డేటా కేంద్రం కాలిపోయింది. లక్షల వెబ్‌సైట్లు ఆగిపోయాయి. వేరే చోట నకలు పెట్టుకోనివారికి వాటిలోని సమాచారం శాశ్వతంగా పోయింది. దక్షిణ కొరియాలో జరిగింది ఇంతకంటె ఆలోచించవలసింది. అక్కడి ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం జీ-డ్రైవ్ అనే క్లౌడ్ ఏర్పాటు చేసింది. ఆఫీసు కంప్యూటర్లలో కాగితాలు దాచవద్దని, అన్నీ అందులోనే పెట్టమని 2018లో ఆదేశాలిచ్చింది. 2025 సెప్టెంబరు 26న డేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా కేంద్రంలో బ్యాటరీలు తరలిస్తుండగా నిప్పంటుకుంది. 858 టెరాబైట్ల సమాచారం బూడిదయింది. అది మరీ పెద్దది కాబట్టి వేరే చోట నకలు తియ్యలేదని అధికారులు సంజాయిషీ చెప్పుకున్నారు. ఆదేశాన్ని తు.చ. తప్పకుండా పాటించిన శాఖ ఎక్కువ పోగొట్టుకుంది. ఆదేశాన్ని అంతగా పట్టించుకోకుండా తన కంప్యూటర్లో కూడా ఒకటి వుంచుకున్న గుమస్తా బయటపడ్డాడు.

రెండోది నిర్లక్ష్యం. మైస్పేస్ అనే వేదిక మీద పేరులేని గాయకులు, చిన్న చిన్న వాద్యబృందాలు తమ పాటలు పెట్టుకునేవి. సర్వర్లు మార్చేటప్పుడు, 2015కు ముందు పన్నెండేళ్ళలో చేరిన పాటలు పోయాయని 2019 మార్చిలో బయటపడింది. అయిదు కోట్లకు పైగా పాటలు. పెద్ద గాయకుల పాటలు వేరే చోట్ల వుంటాయి. పోయినవాటిలో ఇంకెక్కడా దొరకనివి ఆ చిన్నవాళ్ళ పాటలే.

మూడోది వ్యాపార నిర్ణయం. లాభం లేదనుకున్ననాడు దుకాణం కట్టేస్తారు. మామూలు మనుషులు సొంత పేజీలు కట్టుకున్న జియోసిటీస్‌ను యాహూ 2009లో మూసేసింది. మన కుర్రకారు ఎంతో మోజుపడిన ఆర్కుట్‌ను గూగుల్ 2014 సెప్టెంబరు 30న మూసేసింది. యాహూ గ్రూపులు 2019–20లో పోయాయి. ఇది మనకు నేరుగా తగిలిన దెబ్బ. దేశాలు దాటి వెళ్ళిన తెలుగువాళ్ళు భాష గురించి, ఛందస్సు గురించి, కథ గురించి ఏళ్ళ తరబడి వాదించుకున్న "రచ్చబండ" వంటి చర్చావేదికలు నడిచింది ఆ యాహూ గ్రూపుల్లోనే. ముందుగా ఎవరైనా దించి పెట్టుకున్న ఉత్తరాలు దక్కాయి. పెట్టుకోనివి దక్కలేదు. రేపు ఈ కాలపు సాహిత్య వివాదాల చరిత్ర రాయబోయేవాడికి ఆధారాలు ఎక్కడివి?

నాలుగోది అధికారం. అన్నిటికంటె ప్రమాదకరమైనది ఇదే. 2009 జులైలో అమెజాన్, హక్కులు లేని ప్రచురణకర్త అమ్మాడనే కారణంతో, పాఠకులు డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాలను వాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచి దూరం నుంచే తుడిచేసింది. ఆ పుస్తకాల్లో ఒకటి జార్జి ఆర్వెల్ రాసిన "1984". చరిత్ర పత్రాల్ని ప్రభుత్వమే తగలబెట్టే లోకాన్ని చిత్రించిన నవల అది. చదువు కోసం దాని మీద నోట్సు రాసుకున్న ఒక విద్యార్థికి ఆ నోట్సు ఎందుకూ పనికిరాకుండా పోయింది. కంపెనీ తరవాత క్షమాపణ చెప్పింది. క్షమాపణ సంగతి అలా వుంచి, పాఠకుడి అలమారలోకి చెయ్యి పెట్టే శక్తి ఆ కంపెనీకి వుందని ఆనాడు రుజువైంది. 2016 జూన్‌లో అమెరికన్ నవలాకారుడు డెన్నిస్ కూపర్ బ్లాగును గూగుల్ తొలగించింది. అందులో పద్నాలుగేళ్ళ రచన వుంది. పత్రికల్లో గొడవ జరిగి, లాయర్లు కదిలి, కొన్ని వారాల తరవాత అది తిరిగి వచ్చింది. ఆయన పేరున్న రచయిత. మా జిల్లా కథకుడి కోసం ఏ పత్రిక గొడవ చేస్తుంది? ఏ లాయరు కదులుతాడు?

పైన చెప్పిన నాలుగూ నాలుగు వేరు వేరు కారణాలుగా కనిపిస్తాయి. వాటిని కలిపే దారం ఒకటే. దాచే చోటు మీద, దాచే పద్ధతి మీద, ఎంతకాలం దాచాలన్నదాని మీద దాచుకున్నవాడికి ఏ అదుపూ లేదు. ప్రభుత్వం నడిపినా ఆ అదుపు లేకపోతే ఫలితం అదేనని కొరియా అనుభవం చెబుతోంది.

3

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటి వుంది. కాగితం మాత్రం శాశ్వతమా? చెద తినదా, వాన తడపదా? 2000 ఆగస్టులో హైదరాబాదును ముంచెత్తిన వానల్లో సుందరయ్య విజ్ఞాన కేంద్రం గ్రంథాలయంలోకి వరద వచ్చి అపురూపమైన పుస్తకాలు తడిసిపోలేదా? ఇంట్లో కంప్యూటరు ఒకనాడు ఠక్కున ఆగిపోదా? మామూలు మనిషి ఇంటికంటె ఆ షెడ్లలో యంత్రాలకు రక్షణ ఎక్కువ కాదా?

నిజమే. ఈ సంగతి ఒప్పుకోకపోతే మన విమర్శ వట్టి సణుగుడుగా మిగిలిపోతుంది. ఆ సాంకేతిక విజ్ఞానం లోపభూయిష్ఠమని నేను అనడం లేదు. 2011 ఫిబ్రవరి చివర్లో జీమెయిల్ ఖాతాల్లో కొన్నిటి ఉత్తరాలు ఒక పొరపాటు వల్ల మాయమైపోతే, గూగుల్ వాటిని అయస్కాంత టేపుల మీద వున్న నకళ్ళలోంచి తిరిగి తెచ్చింది. 2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పింఛను నిధికి గూగుల్ క్లౌడ్‌లో వున్న ఏర్పాటు, చేసిన అమరికలో తప్పు జరిగి, తుడిచిపెట్టుకుపోయింది. ఆరు లక్షలకు పైగా సభ్యుల లెక్కలు అందులో వున్నాయి. అవి వేరే కంపెనీ దగ్గర కూడా నకలు పెట్టుకోవడం ఆ నిధి బతికి బయటపడడానికి తోడ్పడింది.

ఈ రెండు సంఘటనలను జాగ్రత్తగా చదవాలి. మబ్బును అమ్మే కంపెనీ స్వయంగా మబ్బు ఒక్కదాన్నే నమ్మడం లేదు; టేపు చుట్టి పక్కన పెట్టుకుంటోంది. కోట్ల డాలర్ల నిధి కూడా ఒక్క కంపెనీని నమ్మడం లేదు. ఒక్కదాన్నే నమ్మమని చెప్పేది మనకు మాత్రమే. నమ్ముతున్నదీ మనం మాత్రమే.

పోతే చట్టం ఏమంటుందో చూద్దాం. బ్యాంకు మునిగితే అయిదు లక్షల రూపాయల దాకా డిపాజిట్‌కు బీమా వుంది. ఆ పరిమితిని 2020లో లక్ష నుంచి పెంచారు. అది చాలదని మనం వాదించవచ్చు, కాని డబ్బు దాచుకున్నవాడికి చట్టంలో ఒక చోటంటూ వుంది. రాత దాచుకున్నవాడికి? ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కే షరతుల పత్రంలో మామూలుగా వుండేవి ఇవి: సేవ వున్నది వున్నట్టుగా ఇస్తున్నాం, నష్టానికి మా బాధ్యత పరిమితం, షరతులు మేము మార్చవచ్చు, ఖాతా మేము ఆపవచ్చు. కౌలుదారును ఏ రోజైనా వెళ్ళగొట్టవచ్చని రాయించుకున్న పత్రానికీ దీనికీ తేడా ఏమిటి?

మన దేశంలో 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. అవి దశలవారీగా అమలయ్యే విధంగా వున్నాయి. సమాచారం బయటికి పొక్కడమే కాక, పొరపాటున నాశనం కావడం, అందకుండా పోవడం కూడా ఉల్లంఘన కిందికే వస్తాయని ఆ చట్టం నిర్వచించింది. ఇది మంచిదే. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా వెయ్యవచ్చు. ఆ జరిమానా పోయేది ప్రభుత్వ ఖజానాకు. పోగొట్టుకున్న మనిషికి పరిహారం ఇప్పించే ఏర్పాటు ఆ చట్టంలో లేదు. అంతకుముందు ఐటీ చట్టంలో పరిహారానికి వున్న సెక్షనును తొలగించే ఏర్పాటు కూడా ఇందులోనే వుంది. అంటే నష్టం వ్యక్తిది, జరిమానా రాజ్యానిది.

4

సాహిత్యానికి దీనివల్ల జరిగే నష్టం ఏమిటి? కొన్ని కథలు పోవడమొక్కటే కాదు. విమర్శకు కావలసిన ఆధారమే పోతుంది.

గురజాడ "కన్యాశుల్కం" మొదటి కూర్పు 1897లో అచ్చయింది. దాన్ని ఆయన తిరగరాసి 1909లో మళ్ళీ అచ్చువేశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఒక రచయిత సమాజాన్ని అర్థం చేసుకోవడంలో ఎంత ఎదిగాడో, మధురవాణి ఎలా పెరిగిందో తెలుస్తుంది. ఆ రెండు కూర్పులూ మిగలబట్టే తెలుగు విమర్శలో అంత చర్చ సాధ్యమైంది. ఈనాటి రచయిత అదే ఫైలులో దిద్దుకుంటూ పోతాడు. కొత్తది పాతదాన్ని మింగేస్తుంది. చివరికి మింగినదీ పోతే, రచయిత పరిణామాన్ని గురించి మనం మాట్లాడేదంతా ఊహాగానమే అవుతుంది.

తాటాకుల కాలంలో మనవాళ్ళు ఎలా కాపాడుకున్నారో గుర్తుచేసుకోవాలి. తాటాకు శిథిలమవుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ మళ్ళీ ఎత్తి రాసేవారు. ఒకే కావ్యం ఎన్నో ఊళ్ళలో, ఎన్నో ఇళ్ళలో వుండేది. అలా చెదిరి వుండబట్టే సి.పి. బ్రౌన్ పండితులకు జీతాలిచ్చి, ప్రతులు పోగుచేయించి, పాఠాలు సరిపోల్చి, 1829లో వేమన పద్యాలు అచ్చువెయ్యగలిగాడు. చదువు కొద్దిమంది చేతుల్లోనే వున్న వ్యవస్థ అది. దానిని పొగడనక్కర్లేదు. శ్రామిక కులాల నోటి పాట తాటాకు ఎక్కలేదన్నది మరిచిపోకూడదు. అయినా ఒక సూత్రం అక్కడ వుంది: ఎక్కువ చేతుల్లో వున్నది బతుకుతుంది.

ఆ సూత్రాన్ని ప్రజాస్వామికం చేసింది గ్రంథాలయోద్యమం. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టాయి. ఏ కంపెనీ ఉచితంగా ఇస్తుందని వాళ్ళు చూడలేదు. చందాలెత్తారు, బీరువాలు కొన్నారు, పత్రికలు బైండు చేయించారు. ఈనాడు పాత పత్రికలు కావలసిన పరిశోధకుడు వేటపాలెం వెళుతున్నాడంటే ఆ చందాల పుణ్యమే.

మన కాలపు ఉదాహరణ కూడా ఒకటుంది. ప్రభుత్వ నిధులతో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. కాపీరైటు సమస్యల వల్ల ఆ సైటు తరవాత అందుబాటులో లేకుండా పోయింది. ఆ పుస్తకాలు ఈనాటికీ మనం చదువుకోగలుగుతున్నామంటే, కొందరు పుస్తకప్రియులు వాటిని ముందుగానే అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం వల్లనే. ఆ ఆర్కైవ్ కూడా 2024 అక్టోబరులో దొంగదాడికి గురై రోజుల తరబడి మూతపడింది. లాభం కోసం కాక జ్ఞానం కోసం నడిచే సంస్థ అయినా, ఒక్క చోటే వుంటే అపాయం తప్పదని దీన్నిబట్టి తేలుతోంది.

5

కాబట్టి ఏం చెయ్యాలి? ఫోను పారేసి తాటాకు పట్టుకోమని ఎవరూ చెప్పడం లేదు. ఊళ్ళో వుండి రాసేవాడికి, పత్రికాఫీసుల గడప ఎక్కలేని ఆడవాళ్ళకు, దళిత యువకులకు ఈ సాధనం తలుపు తెరిచింది. దాన్ని వాడుకోవలసిందే. వాడుకోవడం వేరు, నమ్మి సర్వస్వం అప్పగించడం వేరు.

రచయిత స్వయంగా చెయ్యవలసింది కొంత వుంది. రాసిన ప్రతిదానికీ మూడు ప్రతులుండాలి. వాటిలో ఒకటి తన చేతిలో వుండే డిస్కులో, ఒకటి ఇంకో ఊళ్ళో వుండాలి. పూర్తయిన రచనను కాగితం మీద అచ్చు తీసి పెట్టుకోవాలి. ఏ ఖాతా ఎక్కడుందో, దాన్ని ఎలా తెరవాలో ఇంట్లో ఒకరికి చెప్పి వుంచాలి. ఆస్తి వీలునామా రాసేవాడు రాతల సంగతి రాయకపోవడం రచన మీద అతనికే గౌరవం లేకపోవడం.

సంఘాలు చెయ్యవలసింది అంతకంటె ఎక్కువ. ఇక్కడ మనం ఆత్మవిమర్శ చేసుకోక తప్పదు. సభలు జరుపుతాం, తీర్మానాలు చేస్తాం, ఆ సభల ప్రసంగాలు ఎవరో ఒకరి ఖాతాలో పడేసి మరిచిపోతాం. మా కథకుడు బతికివున్న పదేళ్ళలో "నీ కథలు ఒక ప్రతి నాకివ్వు" అని మాలో ఒక్కరం అడగలేదు. అడిగివుంటే ఇచ్చేవాడు. కంపెనీ తప్పు కంపెనీదే. ఈ తప్పు మాది. ప్రతి జిల్లా శాఖా తన సభ్యుల రచనల ప్రతులు సేకరించి, స్థానిక గ్రంథాలయంలో ఒకటి, పక్క జిల్లా శాఖలో ఒకటి భద్రపరిస్తే ఖర్చు ఒక సభ ఖర్చుకు మించదు.

మూడోది డిమాండు. ఖాతా తొలగించేముందు తగినంత గడువు, వారసులకు అందే మార్గం, నష్టపోయినవాడికి పరిహారం, అన్నీ ఒక్కసారిగా వెనక్కి తీసుకునే హక్కు – ఇవి చట్టంలో వుండాలి. డేటా కేంద్రాలకు మన నేల, మన నీరు, మన కరెంటు ఇస్తున్న ప్రభుత్వాలు అదే చేత్తో భాషకు ఒక ప్రజా భాండాగారం ఎందుకు కట్టవని అడగాలి. అది కట్టినా ఒక్క చోట కట్టవద్దని కూడా చెప్పాలి.

మబ్బులో నీళ్ళు చూసి ముంతలో నీళ్ళు ఒలకబోసుకున్నట్టని మన పెద్దవాళ్ళ సామెత. వాళ్ళు మబ్బును తిట్టలేదు. ముంతను జాగ్రత్త పెట్టుకోమన్నారు.

మా కథకుడి సంపుటి త్వరలో వస్తుంది. నోటుపుస్తకాల్లో దొరికిన కథలన్నీ అందులో వుంటాయి. చివరి పదేళ్ళలో ఆయన రాశాడని మిత్రులకు గుర్తున్న కథల పేర్లు వెనకపేజీలో వేస్తున్నాం. ఎవరికైనా ఆయన చదివి వినిపించివుంటే, ఎవరి ఫోనుకైనా ఒక్క కథ పంపివుంటే, దయచేసి వెతికి చూడండి.